సవరము చెప్పుకొన్న కథ

శిరస్సున జనించి, శిరస్సును విడిచి, మరల శిరస్సునే ఆశ్రయించి బ్రతుకునట్టి జాతి మాది. లోకులు మమ్ము సవరములందురు. కోటిపల్లి రేవునకు ఎగువను, గౌతమీతీరమున నున్న కపిలేశ్వరపురములో ఒక పెంకుటింటి నడవగోడలోని గూడు నా జన్మస్థానము. దువ్వెన పండ్లకు చిక్కి రాలివచ్చిన వెండ్రుకలను ఆ యింటి యాడువారు వ్రేలికి చుట్టి, ఉండలు చేసి, ఆ గూటిలో దాచుచుండెడివారు. అత్తగారి వెండ్రుక యేదో, కోడలి వెండ్రుక యేదో, పురిటికి వచ్చిన యాడుబిడ్డ వెండ్రుక యేదో నేటికిని నేను చెప్పజాలను. వారిలో వారికి మాటలు లేని దినములలో సైతము వారి జుట్టు మాత్రము ఆ గూటిలో కలసిమెలసి యుండెను.

గూడు నిండిన పిదప సవరములు కట్టునామె యొకతె వచ్చి వీధియరుగుపై చతికిలబడెను. వెండ్రుకపై కంటికి గోచరింపని పొలుసులుండి, అవి మొదటినుండి కొనవైపునకు వాలియుండును. అందుచేత పది వెండ్రుకలు తలక్రిందులైనచో ప్రక్కవానిని పట్టి చిక్కుచేయక మానవు. ఈ శాస్త్రము నామెకు ఎవ్వరును బోధింపలేదు గాని, తడివ్రేళ్ళతో నిమిరి ఎటు నునుపో ఎటు గరుకో తెలిసికొని, మొదళ్ళన్నియు నొకవైపునకు, కొనలన్నియు నొకవైపునకు చేర్చి, కుంకుడు రసమున కడిగి, నీడను ఆరవైచి, మూడు పాయలుగా తీర్చి, పైభాగమును నల్లదారముతో బిగించి కట్టి, సాయంకాలమునకు నన్నొక ఆకారమునకు తెచ్చెను. అందులకామెకు ముట్టినది మానెడు బియ్యమును, ఒక పాత రవికయును. ఆ సంవత్సరమే ఆ యింట క్రొత్తకోడలుగా అడుగుపెట్టిన పదునారేండ్ల బాలికకు నేను సొంతమైతిని.

సంవత్సరములో సగమునకు పైగా నాకు పెట్టెవాసమే. గోదావరి యొడ్డున వేసవి యుక్కకు స్వంత జడయే బరువనిపించు నాడు అరువు జడ నెవ్వరు మోయుదురు? వానకాలమున తల యారదు. మార్గశిరము వచ్చి, ఏటిమీది మంచు వీధులలోనికి ప్రాకిన పిదపనే నా పేరు వినబడును. మా చలిని చూచి ఉత్తరదేశమువారు నవ్వవచ్చును. కాని ధనుర్మాసపు వేకువను సీసాలోని కొబ్బరినూనె తెల్లని ముద్దయై మూతికడ బిగిసికొని యుండుటయు, కోడలు దానిని పొయ్యిగట్టుపై నుంచి, అడుగుననున్నది కరగి మీదిగడ్డ మెల్లగా తేలువరకు చేతులు చాచి నిలుచుండుటయు నేను చూచినదానను. 24 డిగ్రీలకు లోబడినచో కొబ్బరినూనె గడ్డకట్టునట. మా గౌతమీతీరమునకు అంతకు మించిన ఉష్ణమాపకము అక్కరలేదు.

ఆ యింట బాల్యముననే భర్తను గోల్పోయిన మేనత్తగారొకరుండిరి. రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహము జరిపించి అరువదేండ్లు దాటినను, ఆ వార్త మా నడవ దాటి లోనికి రాలేదు. నాలో ఆమె వెండ్రుక యొక్కటియు లేదు. ఉండుటకు వీలును లేదు. అయినను ఆ యింటి సౌందర్యమంతయు ఆమె చేతులమీదుగానే నడచెడిది. పెసలు దోరగా వేయించి, బావంచాలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, మెంతులు, ఎండిన నారింజతొక్కలు చేర్చి, పెరటి తిరగలిలో ఆమె విసరిన సున్నిపిండి పరిమళము నాలుగిళ్ళ అవతలికి పోయెడిది. నలుగు పెట్టుకొనరాని యామె యితరుల వీపులకు నలుగు పెట్టుచు, “కదలకే పిల్లా, మోచేతులు నల్లగా ఉన్నాయి, ఇలా ఇయ్యి” యని గదుముచు, కుంకుడు రసము కంట బడి పిల్లలు గగ్గోలు పెట్టినపుడు వారి నోట ఉప్పురవ్వ వేయుచు, పిమ్మట సాంబ్రాణి పొగమీద బుట్ట బోర్లించి దానిపై తడిజుట్టును పరచి ఆరబెట్టుచు, ఉదయమంతయు గడపెడిది. సింగారమనునది ఆ రోజులలో ఒంటరిగా తలుపు మూసికొని చేసికొను పని కాదు. వీపు మరియొకరి చేతికి అప్పగింపనిదే, జడ మరియొకరి ఒడిలో పెట్టనిదే జరుగదు. దేహమునకు సుఖమెంతయో, పితూరీలకును అంతే తావుండెడిది.

ధనుర్మాసమునకు మరియొక విశేషము కలదు. గోదాదేవి తిరుప్పావై ముప్పది పాశురములలో రెండవదానియందే వ్రతము పట్టిన కన్నియలు కాటుక పెట్టరాదనియు, పూలు ముడువరాదనియు నియమమున్నది. ఇరువదియేడవ పాశురమునకు వచ్చుసరికి వారే కంకణములును, కర్ణభూషణములును, క్రొత్తకోకలును ధరించి, మోచేతివరకు నేయి కారునట్లు పాయసము నారగింతురు. కోరికను ముందు ఇరువదియాఱు దినములు కట్టిపెట్టి, పిమ్మట దైవసమక్షముననే విడుచుట యెంతటి లోకజ్ఞత! మా కోడలు ఆ నియమమును సగమే పాటించెను. కాటుక మానలేదు గాని నన్ను మాత్రము సంక్రాంతివరకు దాచెను.

నా అసలు జీవితము రాత్రులది. ఆనాటి యాడువారికి ప్రొద్దుగుంకిన పిదప గడప దాటుటకు దేవుని పూచీ కావలసియుండెను. ఆ పూచీ హరికథ రూపమున దొరకెడిది. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు తీర్చిదిద్దిన ఆ కళలో ఒక్క మనుష్యుడు పట్టుపంచె గట్టి, కాలికి గజ్జెలు, మెడలో పూలదండ, చేత చిడతలు ధరించి, ఆడుచు పాడుచు పురాణమంతయు తానై నిలుచును. భోజనములైన తరువాత, రాత్రి తొమ్మిదింటికి మొదలైన కథ అర్ధరాత్రము దాటినను ముగియదు. ఆలయము ముందర పందిరి, పందిట పెట్రోమాక్సు దీపము, దాని చుట్టును పురుగులు, మగవారొకవైపు, చాపలు పరచుకొని ఆడువారొకవైపు. ఇంటిలో ఎవ్వరికంటెను ముందుగా చాప చుట్టి చంకనిడుకొని బయలుదేరునది మేనత్తగారే.

ఆ రాత్రులకై జరుగు అలంకారము చూడదగినది. చలికాలమగుటచే పట్టుచీరలు చెమట భయము లేక పెట్టెలు దాటి వచ్చును. పట్టు లేనివారికి ప్రక్కనున్న అంగర మగ్గముల నేతచీర యుండనే యున్నది. నన్ను కోడలి స్వంత జుట్టుతో మూడు పాయలకు మూడు పాయలుగా జతపరచి, మూడవ మెలికకడ నా తలకట్టు కనబడకుండ నాగరమును నిలిపి, చివరకు జడగంటలు వ్రేలాడగట్టి, చేమంతులు, కనకాంబరములు, నడుమ నడుమ మరువమును, వాసన లేకున్నను రంగుచే మనసు దోచు డిసెంబరాలను తురిమెడివారు. ఇంత పరిశ్రమ యెవ్వరికొరకు? దీపము వెలుగంతయు దాసుగారిపైననే పడును. మగవారు కూర్చుండు వైపునకు ఆడువారి జడ కనబడదు. జడను చూడగలిగినవారు వెనుక చాపమీది స్త్రీలు మాత్రమే. “ఎవరి కోడలే ఆ జడ?” యని యొకతె. “జడా? సగం సవరమే. ఆ నాగరం కింద చూడు, లావు తేడాగా లేదూ?” యని మరియొకతె. వస్త్రభూషణముల విషయమున స్త్రీలు పురుషులకొరకు అలంకరించుకొందురను వాదము పండితులు వ్రాసినది. పందిట వెనుకవరుసలో నొకరాత్రి కూర్చున్నచో వారు దానిని సవరించుకొందురు.

రుక్మిణీ కల్యాణము చెప్పు రాత్రి నాకు ప్రత్యేకమగు బాధ. రథమును వెన్నంటి వచ్చిన రుక్మిని శ్రీకృష్ణుడు పట్టి, చంపక, తలయు మీసమును అక్కడక్కడ గొరిగి విడిచిపెట్టు ఘట్టము రాగానే పందిరంతయు నవ్వులతో ఊగిపోవును. శిరస్సును విడిచిన కేశముల వంశములో పుట్టినదానను గనుక నేను నవ్వలేకపోతిని. ఆ రాత్రి ఎల్లరును నవ్వుచుండగా మేనత్తగారు ముసుగును నుదుటిమీదికి లాగికొనుట నేను చూచితిని. అది మరియెవ్వరి కంటను పడలేదు.

మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేది తీర్థమునకు పోవుట ఆ కాలపు పెద్దయాత్ర. దశమినాటి రాత్రి లక్ష్మీనరసింహుని కల్యాణము, మరునాడు రథము. గోదావరి సముద్రమున గలియు ఆ తావున రాత్రి యిసుకతిన్నెలపై నిదురించుట పుణ్యమే యగుగాక, నాకు మాత్రము ఉప్పుగాలిచే చిక్కులు మిగిలినవి.

కాలము మారెను. కోడలికి కూతురు పుట్టి, పెరిగి, 1970 దశకమునకు వయసునకు వచ్చినది. అపుడు తెరపై వాణిశ్రీ కొప్పు రాజ్యమేలుచుండెను. మండపేటలో సినిమా చూచివచ్చిన మరునాడే ఆ పిల్ల నన్ను ముద్దగా చుట్టి, తన జుట్టును నా మీదుగా పైకి దువ్వి, పిన్నులు గ్రుచ్చి, ఎత్తైన కొప్పు నిర్మించెను. వీపుపై స్వేచ్ఛగా ఊగిన నాకు గర్భవాసము మరల ప్రాప్తించెను. దేవుని పూచీ కూడ అపుడే సడలినది. రెండవ ఆటకు పోవుటకు పురాణము అడ్డుపెట్టవలసిన పనిలేదు, మేనమామ కొడుకు తోడుంటే చాలును.

అటువంటి వేళ మా యూరనే విపరీతమైన మార్పొకటి జరిగెను. ఊరి జమీందారీ వంశమువారును, తరువాతి కాలమున లోక్‌సభ సభ్యులైనవారును నగు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావుగారు 1973లో శ్రీ సర్వరాయ హరికథా పాఠశాలను స్థాపించిరి. పందిట వెనుకచాపపై కూర్చుండవలసిన ఆడుపిల్లలు అచ్చట గజ్జె కట్టి, చిడత పట్టి, కథ చెప్పుట నేర్వసాగిరి. అచ్చట శిక్షణ పొందిన ఉమామహేశ్వరిగారు సంస్కృతమున సైతము హరికథలు చెప్పి, 2024లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి. పాఠశాల వెలసిన నాటికి మేనత్తగారు మంచము పట్టి యుండిరి. సాయంకాలము గాలి యిటు తిరిగినపుడు పిల్లల సాధకము వినబడునట్లు తన మంచమును పడమటి కిటికీకడకు జరిపించుకొనిరి.

మా చుట్టాలమ్మాయి యొకతె ఆ విద్య నేర్చి, సంక్రాంతి దినములలో పొరుగూరి పందిట కథ చెప్పబోవుచు, జుట్టు పొట్టిదని నన్ను ఎరువు తీసికొనిపోయినది. వేదికపై నిలిచిన జడ కష్టము కూర్చున్న జడకు తెలియదు. ప్రతి జతికిని నేను భుజమునుండి భుజమునకు కొట్టుకొంటిని. రుక్మిణి బ్రాహ్మణునితో సందేశము పంపు ఘట్టమున నా కట్టు వదలెను. మరియొక్క గిరికీ తిరిగినచో నేను తబలావాని ఒడిలో పడియుందును. ఆ పిల్ల తొట్రుపడక, జడను ముందునకు లాగికొని, వదలిన కట్టును ఎడమచేత పిడికిట బిగించి, సిగ్గుపడు కన్యవలె తలవంచి, ఆ పద్యము పూర్తియగువరకు అట్లే నిలిచి పాడెను. సభ చప్పట్లు చరచినది. ముందువరుసలోని పెద్దాయన యొకరు, “ఆయ్, ఆ జడ పట్టుకోవడంలో ఉందండీ అభినయం!” అని ప్రక్కవారితో అనుట వింటిని. నాకును అందులో భాగమున్నదని ఎవ్వరు చెప్పుదురు?

ఆ పిదప చాలకాలము పెట్టెలో పడియుంటిని. వీధిలో చిక్కుజుట్టు కొనువాడు స్టీలుగిన్నెలు మ్రోగించుచు వచ్చును. గూటిలో చేరిన వెండ్రుకలిపుడు సవరములు కావు, దేశాంతరములకు పోయి విగ్గులగును. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలములనే వేలము వేయుచుండగా, మా నడవగోడ మర్యాద యెంత? ధనుర్మాసపు నలుగునకు మారుగా పండుగ ముందు మండపేట పార్లరులో ఫేషియలును, హెయిర్ స్పాయును వచ్చినవి. అచ్చటను వీపు మరియొకరి చేతికప్పగింపవలసినదే. కాని ఆ చేతికి మన యింటి సంగతులు తెలియవు. అది కొందరికి హాయియేమో.

మొన్న భోగికి హైదరాబాదునుండి మనుమరాలు వచ్చినది. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చూచుటకు పోవలెననియు, లంగావోణీకి పెద్దజడ కావలెననియు పట్టుబట్టగా, ఒకనాడు నన్ను కొప్పులో కుక్కిన ఆ కూతురే, నేడు అమ్మమ్మయై, అయిష్టముగా పెట్టె తెరచెను. కుంకుడు రసములును, డాబామీది యెండలును కలిసి నా నలుపును హరించి, నన్ను రాగిరంగునకు దింపియున్నవి. “ఎర్రబడిపోయిందే, పాతది. నలుగురిలో పెట్టుకుంటే నవ్వుతారు” అని అమ్మమ్మ నన్ను మరల మడువబోయెను.

మనుమరాలు నన్ను లాగికొని, తన భుజముమీది జుట్టుప్రక్కన పట్టి, కిటికీ వెలుగున త్రిప్పి త్రిప్పి చూచెను. “అమ్మమ్మా, సరిగ్గా ఈ షేడు కోసమే కదా నేను నాలుగు వేలు పోసింది! దీనికి క్లిప్పు కుట్టించొచ్చా?”

“నాలుగు వేలా?” యని అమ్మమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకొని, నల్లదారపుండ కొరకు వెదకసాగెను.