కాగితం ఎవరికి?

"వృత్తి ఏం కొట్టమంటావన్నా?" అని తెనాలిలో నెట్ సెంటర్ కుర్రాడు అడిగితే మనవాడు టక్కున జవాబు చెప్పడు. "కాగితం ఎవరికి?" అంటాడు. పెళ్లిళ్ల పేరయ్యకైతే స్వంత వ్యాపారం, నెలకు 60,000. బ్యాంకు లోనుకైతే 35,000, దానికి తగ్గట్టు ఇన్‌కంటాక్స్ రిటర్నూ ఉంటుంది. సర్కారుకైతే నిరుద్యోగి, ఆదాయం నిల్లు. ఆ కుర్రాడు కుర్చీలోంచి లేవకుండా ఒక్క మనిషిని ముగ్గుర్ని చేసి, ప్రింటుకు పది రూపాయలు తీసుకుంటాడు.

మనవాణ్ని దొంగ అంటే వీధి వీధంతా మీద పడుతుంది. పాలబూత్‌లో చిల్లర ఎక్కువొస్తే వెనక్కి వెళ్లి ఇచ్చొస్తాడు. చీటీ డబ్బు ఒక్క నెలా ఎగ్గొట్టలేదు. కర్పూరం ఆర్పి అబద్ధం ఆడమంటే జ్వరం తెచ్చుకుంటాడు. అలాంటివాడు, "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను, తప్పని తేలితే చట్టరీత్యా చర్యకు బద్ధుడను" అన్న వాక్యం కింద, ఫోన్లో ప్లాటు బేరం నడుపుతూనే సంతకం గీకేస్తాడు. అతని లెక్కలో ఆ వాక్యం దరఖాస్తు అయిపోయిందనడానికి గుర్తు, అంతే.

2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి యువనేస్తం అనే నిరుద్యోగ భృతి పథకం మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు, డిగ్రీయో డిప్లొమాయో, ఇంట్లో తెల్లకార్డు, చేతిలో పని లేకపోవడం. ఇవన్నీ ఉంటే నెలకు 1,000 రూపాయలు. మనవాడికి అన్నీ ఉన్నాయి, పని లేకపోవడం ఒక్కటే లోటు. పొద్దున ప్లాట్ల కమీషను, మధ్యాహ్నం తమ్ముడి పేరు మీదున్న సెల్ షాపు, ముహూర్తాలుంటే పెళ్లి వీడియోలు. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టడానికి తీరిక దొరక్క ఆదివారం దాకా ఆగాడు పాపం. "ఇవన్నీ ఉద్యోగాలా? నాకు జీతం ఎవడిస్తున్నాడు?" అని వాదించేవాడు. ఇందులో కొంత పస లేకపోలేదు. మన ఊళ్లలో ఏది పనో ఏది కాదో తేల్చడం కలెక్టరుక్కూడా కష్టమే. కానీ ఆదాయం నిల్లని రాసిన చెయ్యే 35,000 అని కూడా రాసింది కదా!

2019లో ప్రభుత్వం మారింది, పథకం ఆగింది. "ఉన్న ఒక్క ఆధారమూ పోయింది" అంటూ వారం పాటు అచ్చమైన నిరుద్యోగిలా గడ్డం పెంచుకు తిరిగాడు.

2024 ఎన్నికల్లో నెలకు 3,000 భృతి అన్న మాట చెవిన పడగానే పాత ఫైలు దులిపాడు. ఎదురింటి ప్లీడరుగారు చూసి అరుగు మీద కూర్చోబెట్టారు.

"పొరపాటున రాసింది వేరు, తెలిసి రాసింది వేరు నాయనా. లేని అర్హత ఉందని నమ్మించి డబ్బు పుచ్చుకుంటే అది మోసం. నువ్వు అందర్నీ తిడతావే ఫోర్ ట్వంటీ అని, ఆ సెక్షనే. 2024 జూలై 1 నుంచి చేసేవాటికి భారతీయ న్యాయ సంహితలో 318. ఏడేళ్ల దాకా పడొచ్చు."

"వెయ్యి రూపాయలకా!"

"వెయ్యా లక్షా అని సెక్షను అడగదు."

"తిరిగి కట్టేస్తేనో?"

"జడ్జిగారికి జాలి కలగొచ్చు. కేసు మాత్రం దానంతటది పోదు."

"అసలు వాళ్లకెలా తెలుస్తుందండీ?"

"నీ రిటర్ను పాన్ మీద, పాన్ ఆధార్ మీద, రేషన్ కార్డూ ఆధార్ మీదే. పూర్వం ఆఫీసుకీ ఆఫీసుకీ మాటల్లేవు. ఇప్పుడు అవన్నీ వియ్యాలందుకున్నాయి."

మనవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరేం చెయ్యమంటారు?"

"అన్ని కాగితాల్లోనూ ఒకటే అంకె రాయి."

చాలాసేపు గోళ్లు కొరుక్కున్నాడు. లోను వదులుకుంటానన్నాడు. భృతి కూడా వద్దన్నాడు.

"పేరయ్య దగ్గరున్న అరవై వేలు మాత్రం కదిలించకండి బాబాయిగారూ. నాకు ముప్పై నాలుగొచ్చాయి."