మాగబెట్టిన మేధ

నూజివీడు రసములు లారీలకెక్కి నున్న మార్కెట్టునకు తరలు వేసవి దినములలో, ఉంగుటూరు ప్రాంతమున మఱియొక దిగుబడి కూడ, గాలివానకు గాని తేనెమంచు పురుగునకు గాని వెఱవక, ఏటికేడు పెరుగుచున్నది. అది గణితమేధావుల దిగుబడి. తేలప్రోలునుండి ఊరిలోనికి వచ్చు త్రోవ పొడవునను స్తంభమునకొకటిగ వ్రేలాడు ఫ్లెక్సీలమీద, ఎక్కములైనను పూర్తిగ ఒంటబట్టని వయసు బాలబాలికలు మెడలయందు పతకములు దాల్చి మందహాసము చేయుచుందురు. ఎల్లరి పేర్లక్రిందను ‘ఒలింపియాడ్ విన్నర్’ అను బిరుదమే. 1989లో తొలిసారి అంతర్జాతీయ గణిత ఒలింపియాడున పాల్గొని, 1996లో ముంబయిలో తానే ఆతిథ్యమిచ్చి, 2024లో ఇంగ్లాండులోని బాత్ నగరమున నాలుగు స్వర్ణములతో నాలుగవ స్థానము గడించిన భారతదేశము, ఒక్క మండలమునకే ఇందఱు విజేతలుండగా, ఏటేట ఆర్గురిని మాత్రమే పంపుటకు కారణము, మన ఫ్లెక్సీలు ఆ జట్టును ఎంపిక చేయు హోమీ భాభా కేంద్రమువారి కంటబడకపోవుటయే అయి యుండవలెను.

“మా వాడు ఒలింపియాడ్‌లో స్టేట్ ఫస్టండీ మాస్టారూ!” అని ఒక తండ్రిగారు స్వీటు పెట్టె చేతికందించిరి.

“చాలా సంతోషమండీ. ఏ ఒలింపియాడ్?”

“వాళ్ల స్కూలోళ్లే పెట్టారండీ.”

“ఎవరెవరు రాశారు?”

“వాళ్ల బ్రాంచీల పిల్లలేనండీ.”

“బహుమానం ఏమిచ్చారు?”

“వచ్చే ఏడు ఫీజులో తగ్గింపండీ. ముందు మొత్తం కడితేనట.”

అసలు ఒలింపియాడు త్రోవ వేఱు. మొదటి మెట్టగు ఐఓక్యూఎం పరీక్షలో 3 గంటలకు 30 ప్రశ్నలు. జవాబులన్నియు రెండంకెలకు లోబడిన పూర్ణసంఖ్యలే గనుక, ఓఎంఆర్ పత్రమున వలయములు నింపు విద్యయందు ఆఱితేరిన మనవారికి ఇంతవఱకు దిగులు లేదు. ఆ పై మెట్టగు ప్రాంతీయ పరీక్షలో అవే 3 గంటలకు 6 లెక్కలు మాత్రమే యుండును. ఆప్షన్లు లేవు, వలయములు లేవు. జవాబు ఏల నిజమో ఆమూలాగ్రముగ వ్రాసి యొప్పింపవలెను. (పదకొండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలో గణితము చెప్పినప్పుడును ఆప్షన్లు ఇయ్యలేదు, ఆనాడు బ్రాంచీలు లేకపోయె.) అంతర్జాతీయ రంగమున దినమునకు నాలుగున్నర గంటలు, మూడు లెక్కలు, అనగా ఒక్కొక్క లెక్కకు గంటన్నర. ఒకే లెక్కను గంటన్నర సేపు చూచుచు కూర్చున్న బాలుడు మన స్టడీ అవరున కంటబడినచో, ఇన్‌ఛార్జి సారు ముందు వానిని లేపి నిలువబెట్టును. పిమ్మట ఇంటికి ఫోను చేయును.

వీకెండ్ టెస్టు, క్యుములేటివ్ టెస్టు, గ్రాండ్ టెస్టు అని సంవత్సరమంతయు సాగు ఈ పరీక్షాయజ్ఞమున, లెక్క ఎదురైనంతనే విద్యార్థి నోట వెలువడు ప్రథమ ప్రశ్న “ఇది ఏ మోడల్ సార్?” అనునదియే. మోడలు తెలిసినచో నిమిషములో జవాబు వచ్చును. తెలియనిచో ఆ లెక్క ‘అవుటాఫ్ సిలబస్’. మాదిరి పరీక్షలను నిందించుట నా యుద్దేశము గాదు. పాతపత్రములను కాలనియమముతో వ్రాయనివాడెవడును పోటీలో నెగ్గజాలడు. కాని అట్టి పరీక్షవలని ఫలమంతయు మఱునాడు, చేయలేక విడిచిన లెక్కతో తిరిగి కుస్తీ పట్టుటలో నున్నది. మనవద్ద సాయంకాలమునకు ర్యాంకు తండ్రి ఫోనునకు చేరును, మఱునాడుదయము కొత్త అధ్యాయము మొదలగును. విడిచిన లెక్క అనాథయై మిగులును.

కార్బైడుతో కాయలను మాగబెట్టుటను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి గావున, అధికారులు వేసవిలో గోదాములను తనిఖీ చేయుదురు. తోలు పండి టెంకదగ్గఱ పులుపు మిగిలిన కాయను మన రైతు చేతబట్టియే పోల్చగలడు. ఆ రైతే, మామిడి పైకము చేతికందినంతనే, ఆఱవ తరగతి కుమారుని ‘ఐఐటి ఫౌండేషన్’ అను పొట్లముతో కట్టి మాగవేయుటకు బెజవాడ శివార్లలో ఫీజు చెల్లించి, రసీదు భద్రముగ జేబునబెట్టుకొని వచ్చుచున్నాడు. ఈ గోదాములకు తనిఖీ లేదు.

సంఖ్యాశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన సి.ఆర్. రావుగారు బాల్యమున కొంతకాలము ఈ నూజివీడులోనే చదువుకొనిరి. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు తల్లి తన్ను లేపి, చదువుకొనుటకు దీపము వెలిగించెడిదని ఆయన తమ గ్రంథమును ఆమెకు అంకితమిచ్చుచు కృతజ్ఞతతో స్మరించిరి. మన రెసిడెన్షియలు విద్యాసంస్థలు ఆ జీవితమునుండి నాలుగు గంటలను మాత్రము గ్రహించినవి.

ప్రాంతీయ, జాతీయ ఒలింపియాడుల పాత ప్రశ్నపత్రములను హోమీ భాభా కేంద్రమువారు తమ వెబ్‌సైటునందు ఎల్లరకును ఉచితముగ ఉంచియున్నారు. తల్లిదండ్రులారా, ఒక ఆదివారము అందులో ఒక్క లెక్కను పిల్లవాని ముందుంచి, తెల్లకాగితములును పెన్సిలునిచ్చి, మధ్యాహ్నము వఱకు జవాబు అడుగక ఊరకుండుడు.