మాస్కు కరవు, త్రాడు పుష్కలము

రోగికి మత్తిచ్చి వాని బాధ వానికిఁ దెలియకుండఁ జేయుట మత్తువైద్యుని వృత్తి. కాని సర్కారువారి లోపములు లోకమునకుఁ దెలియకుండఁ దనకుఁ దానే మత్తిచ్చుకొని పడియుండుటయు ఆ ఉద్యోగధర్మములోని భాగమే యని, 2020 ఏప్రిలులో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యుఁ డొకఁడు ఎఱుఁగలేకపోయెను. కరోనా ముమ్మరించుచున్న ఆ దినములలో, ఎన్‌-95 మాస్కులు చాలకున్నవనియు, ఒక్కదానినే 15 దినములు వాడుకొమ్మనుచున్నారనియు ఆయన కెమెరాల యెదుట వాపోఁగా, ఇండెంటు మీఁద సంతకమునకు మాసములు పట్టు కార్యాలయముల నుండి సస్పెన్షను ఉత్తరువు మాత్రము (ఏమి వేగమో గాని!) దినములలోనే వెలువడెను. మాస్కుల కొఱత సంగతి యటుంచి, క్రమశిక్షణ కొఱతను కనిపెట్టుటలో మనవారి రోగనిదానము అమోఘము.

ఆ మీఁదట మే 16న విశాఖ నడివీథిలో పోలీసులు ఆ వైద్యుని చేతులు వెనుకకు విఱిచి త్రాటితోఁ గట్టి కొనిపోయిరి. తుదకు మానసిక వైద్యశాలకుఁ జేర్చిరి. ఉన్నత న్యాయస్థానము సీబీఐ విచారణకు ఆదేశించినది. ఇన్నింటి నడుమ ఆ త్రాటికి ఇండెంటు పెట్టిన దెవరో, అది అంత తక్షణమే యెట్లు సరఫరా అయ్యెనో గాని, దానిని పంపిన గోదాము గుమాస్తాను మాస్కుల విభాగమునకు బదిలీ చేసియుండిన బాగుండెడిది.