గాలి ట్యాంకు

చివరి ట్రిప్పు ముగించి తంబళ్లపల్లె షెడ్డులో బండి పెట్టగానే ఏ డ్రైవరైనా బీడీ వెలిగిస్తాడు, లేకుంటే ఫోను తీస్తాడు. మిలిట్రీ మామ మాత్రం తువ్వాలు నడుముకు బిగించి బస్సు కిందికి దూరేవాడు. ఛాసిస్‌కు వేలాడే గాలి ట్యాంకుల అడుగున ఒక్కోదానికి ఒక రింగు ఉంటుంది. దాన్ని వేలితో పక్కకి లాగితే బుస్సుమని గాలి, ఆ గాలి వెంట చమురు కలిసి తెల్లబారిన నీళ్ళు నేల మీద పడేవి. ఒట్టి గాలి తప్ప చుక్క కూడా రాదని నమ్మకం కుదిరేదాకా బయటికొచ్చేవాడు కాదు. పొద్దున్నే మళ్ళీ ఇంజను నడిపి గాలి పట్టించుకోవాలి. దానికి ఓ పది నిమిషాలు. అంతసేపూ ఓనరు గుండెలో డీజిలు కాలేది.

మామ సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చినవాడు. ద్రాస్, కార్గిల్, లేహ్ దారుల్లో స్టాలియన్ లారీ తోలినవాడు. ద్రాస్‌లో జనవరి రాత్రి మైనస్ 20 అన్నది పెద్ద విశేషమేం కాదు. సాయంత్రం వదలకుండా మిగిల్చిన చెంచాడు నీళ్ళు తెల్లారేసరికి బ్రేకు వాల్వులో గడ్డకట్టి కూర్చుంటాయి. అప్పుడు తొక్కితే బ్రేకు పడదు, లేదా పడింది వదలదు. రెండిట్లో ఏది జరిగినా ఆ లోయల్లో చెప్పుకోవడానికి మనిషి మిగలడు. అందుకే అక్కడ రాత్రి అన్నం కంటే ముందు ట్యాంకు. కెనడా లాంటి మంచుదేశాల్లో ఒకప్పుడు గాలి గొట్టాల్లోకి మిథనాల్ ఆవిరి కూడా పంపేవాళ్ళట. అది మైనస్ 97 దాకా గడ్డకట్టదు మరి. ఈ సంగతి మామ చెప్పిన రోజు షెడ్డులో అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. బ్రేకులకు తాగించే మందు మనిషి తాగితే చూపు పోతుందనేసరికి శ్రద్ధ తగ్గింది.

“ఇది లడాక్ కాదు మామా, తంబళ్లపల్లె” అనేవాడు ఓనరు. “ఈడ ఏం గడ్డకడతాదని?”

ఆ మాటలో తప్పేం లేదు. మదనపల్లె గాలి మంచిదని 1915 నాటికే పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టారు గానీ, ఈ ప్రాంతంలో చలి ఎంత ముదిరినా నీళ్ళు గడ్డకట్టే దాకా పోదు. ఆంధ్రలో ఆ ముచ్చట వినాలంటే లంబసింగి దాకా పోవాలి.

మామకి కోపం రాదు. చెంబుడు నీళ్ళలో తువ్వాలు ముంచి, ఓనరు ముందే పిండేవాడు. “గాలి కూడా ఇంతే నాయనా. బయట ఉన్నప్పుడు తడి కనబడదు. కంప్రెసరు దాన్ని తొమ్మిదో వంతుకి నొక్కి ట్యాంకులో కుక్కుతాది. వేడి గాలి ట్యాంకులోకి పోయి చల్లబడతానే, మోయలేని తడిని వదిలేస్తాది. గడ్డకట్టకపోతే ఏం, తుప్పు పట్టదా? వాల్వుల్లో గ్రీజు కడుక్కుపోదా? అన్నిటికన్నా ఇంకో మాట. గాలి నలుగుతాది, నీళ్ళు నలగవు. సగం ట్యాంకు నీళ్ళే ఉన్నా గేజీలో ముల్లు 8 కేజీలే చూపిస్తాది. ముల్లుకి లోపల ఏముందో తెలీదు.”

దీనికి మందు బస్సుకే ఉంది. ఎయిర్ డ్రయ్యర్ అని ఒక డబ్బా, దాని లోపల తడిని పీల్చే గుళికలు. ట్యాంకు నిండినప్పుడల్లా ‘తుస్’మని అది తనలోని తడిని బయటికి ఊదేస్తుంది. బస్టాండులో ఆగి ఉన్న బండి పక్క నిలబడితే ఉన్నట్టుండి అదిరిపడతామే, ఆ చప్పుడు అదే. ఏడాదికో రెండేళ్ళకో ఆ గుళికల డబ్బా మార్చాలి. మన ఓనరు ఆ బస్సు కొన్నాక మూడు సార్లు సీట్ల గుడ్డ మార్చాడు, రెండు సార్లు అద్దం మీద దేవుడి బొమ్మ మార్చాడు. డ్రయ్యరు జోలికి పోలేదు.

ఒకరోజు ట్యాంకు కింద రింగు దగ్గర గాలి కారడం మొదలైంది. రబ్బరు గట్టిపడింది, వాల్వు మారిస్తే సరిపోయేది. ఓనరు మెకానిక్‌ని పిలిపించి, ఆ ఒక్కదానికే కాదు, ట్యాంకులన్నిటికీ రింగులు పీకించి డమ్మీ బోల్టులు బిగించేశాడు. దాంతో కారడం ఆగింది, మామ కిందికి దూరే పని కూడా ఆగింది.

“నీళ్ళు యాడికి పోవాల నాయనా?” అన్నాడు మామ.

“లోపల నీళ్ళు లేవు మామా. చుక్క లేదు, నేను చెప్తా ఉండా గదా. నీళ్ళ సంగతి నాకు చెప్పొస్తావా?”

షెడ్డులో ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఊపక తప్పదు. ఆ చుట్టుపక్కల నీళ్ళ సంగతంటే ఆయన సంగతే. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేన్లో నడుస్తాడు. ఎక్కడ కాయ నిటారుగా నిలబడితే అక్కడ నీళ్ళు. “మూడు వందల అడుగుల్లో రెండంగుళాల నీళ్ళు” అని మడమతో నేల మీద గుర్తు పెడతాడు. మర్నాడు ఆయన బోరు లారీయే వచ్చి అక్కడ నిలబడుతుంది. మూడు వందలకి పడకపోతే ఐదు వందలు, ఐదు వందలకి పడకపోతే వెయ్యి. అడుగుకింత లెక్క. పడినా పడకపోయినా అడుగు అడుగే. తెల్లటి రాతి దుమ్ము చింతచెట్ల మీద పేరుకుని వానొచ్చేదాకా అట్లాగే ఉండే చేలు ఆ పక్క ఎన్నో.

అందులో ఒక చేను ఆ బస్సు కండక్టరుదే. టమేటా పెట్టేవాడు. మదనపల్లె మార్కెట్టులో మంచి రేటు పలికిన ఏడాది ధైర్యం చేసి బోరు వేయించాడు. అది పోయిందని రెండోది, రెండోది పోయిందని మూడోది. నాలుగోదానికి భార్య మెడలోది కూడా బ్యాంకులో పెట్టాడు. నాలుగు చోట్లా కాయ చక్కగానే నిలబడింది. చివరికి బోరు లారీ బాకీ కింద ఓనరే దయతలిచి బస్సులో పని ఇచ్చాడు. జీతంలో సగం బాకీకి జమ. టికెట్టు ఇవ్వడం, చిల్లర ఇవ్వడం తప్ప ఆ మనిషి నోటివెంట మాట రావడం ఎవరూ విన్నది లేదు.

మామ ఆ రాత్రే తాళాలు టేబులు మీద పెట్టి వెళ్ళిపోయి, అంగళ్లు పక్క ఓ స్కూలు వ్యాను పట్టుకున్నాడు. ఆయన స్థానంలో ఒక కుర్రాడు వచ్చాడు. వానలు వచ్చాయి. అక్టోబరు, నవంబరు తడి గాలంతా కంప్రెసరు తాగింది. బండి మాత్రం అంతకుముందు కంటే హుషారుగా ఉన్నట్టు కనబడింది. పొద్దున్నే ఇంజను వేస్తే మూడు నిమిషాల్లో ముల్లు 8 కేజీల మీద నిలబడేది.

“చూసినారా? మామ ఉన్నప్పుడు పది నిమిషాలు! ఊరికే భయపెట్టి నా డీజిలు కాల్చినాడు” అని ఓనరు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. గాలికి చోటు తగ్గితే తొందరగానే నిండుతుందన్న లెక్క ఎవరికీ తట్టలేదు.

డిసెంబరులో మనవడి పుట్టినరోజని ఓనరు ఊరివాళ్ళని హార్సిలీ హిల్స్‌కి తీసుకెళ్ళాడు. కడప కలెక్టరు హార్సిలీ దొర పేరు పడక ముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ అంతే అంటారు. కాండ్లమడుగు క్రాస్ దగ్గర తిరిగి పైకెక్కేటప్పుడు బస్సుకి బ్రేకుతో పెద్దగా పని పడలేదు. పైన గాలిబండ మీద ఫోటోలు, చెట్ల కింద భోజనాలు, మనవడికి కేకు. నేనూ తిన్నాను, సాంబారు బాగుంది.

దిగుతున్నప్పుడు పొద్దు వాలుతోంది. మొదటి మలుపులో కుర్రాడు బ్రేకు తొక్కితే ముల్లు ఎనిమిది నుంచి ఆరున్నరకి పడింది, మళ్ళీ లేచింది. రెండో మలుపు, మూడో మలుపు. వరసగా తొక్కాల్సిన చోట లేచే సందు దొరకలేదు. బజర్ మోగింది. ఎదురుగా మలుపు, కింద లోయ. కుర్రాడి మొహం నేను అద్దంలో చూశాను. అంతలో వెనక చక్రాలు తమంతట తామే పట్టేసి, బస్సు కీచుమని ఒక ఊపు ఊపి నిలబడిపోయింది.

1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైళ్ళకు పెట్టిన సూత్రం ఇదే: గాలి పోతే బండి పరిగెత్తకూడదు, ఆగాలి. బస్సులో ఆ పని స్ప్రింగులు చేస్తాయి. గాలి బలం ఉన్నంతసేపూ అణిగి ఉండి, అది తగ్గగానే బ్రేకుని బిగబట్టేస్తాయి. ఆ సాయంత్రం నలభై మందిమి వాటి దయవల్లే దిగాం. పిల్లలు ఏడుస్తున్నారు. ఆడవాళ్ళు మల్లయ్యకొండ దేవుడికి మొక్కుకుంటున్నారు. ఓనరు చక్రం చుట్టూ తిరిగి, శాలువా సర్దుకుని తేల్చేశాడు.

“కొండ మీది చలికి బ్రేకులు గడ్డకట్టినాయి.”

కుర్రాడు ఎవరికి ఫోను చేశాడో గంట తర్వాత తెలిసింది. మిలిట్రీ మామ స్కూటరు మీద వచ్చాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టించాడు. పెడలు పదే పదే తొక్కి, మిగిలిన గాలిని దించేశాడు. వంటవాళ్ళ దగ్గరున్న సాంబారు బకెట్లు తెమ్మన్నాడు. తువ్వాలు నడుముకు బిగించి, స్పానరుతో కిందికి దూరాడు. కండక్టరు పక్కనే గొంతుక్కూర్చుని టార్చి పట్టాడు.

“గడ్డకట్టిందా మామా?” అన్నాడు ఓనరు వంగి.

“గడ్డకట్టే చలి యాడుంది నాయనా” అంటూ మామ బోల్టు ఒక్కో చుట్టే వదులు చేశాడు. మొదట సన్నగా చిమ్మింది. బోల్టు ఊడి చేతికి రాగానే ధార కట్టింది. తుప్పు రంగు, పైన చమురు తెట్టు. బకెట్ నిండింది. రెండోది పెట్టారు, అదీ సగానికి వచ్చింది. రెండో ట్యాంకు బోల్టు ఇంకా విప్పనే లేదు. చుట్టూ మూగినవాళ్ళలో ఒక్కరూ మాట్లాడలేదు.

“ఇన్ని నీళ్ళు... ఇన్ని నీళ్ళు ఎట్ల పన్యాయి?” అన్నాడు ఓనరు.

కండక్టరు టార్చి వెలుగుని బకెట్ మీంచి తీసి, మెల్లగా ఓనరు మొహం మీదికి తిప్పాడు.

“అన్నా, నా చేన్లో నాలుగు చోట్ల ఉండాయన్నారు, లేవు. దీంట్లో లేవన్నారు, ఉండాయి. ఈ తూరి మా చేనుకొచ్చినప్పుడు కాయ నిలబడని చోటు చూపించండి. ఆడ ఏపించుకుంటా.”