అడగనివారికీ పెట్టే దాతకు

అమెరికా వ్యవసాయ శాఖా, నీ అంతటి దాతను మేమెక్కడా ఎరుగం. తక్కిన ప్రభువులు దున్నేవాడెవడు, విత్తేవాడెవడు అని చూస్తారు. నీది అంత చిన్న చూపు కాదు. 1996 వ్యవసాయ చట్టం తరువాత ఒక నేలలో వెనుకటి రోజుల్లో వరి పండిందని నీ చిట్టాలో ఉంటే చాలు, ఆ ఏడు అక్కడ గింజ పడినా పడకపోయినా సొమ్ము పంపావు.

టెక్సస్‌లోని వార్టన్ కౌంటీ వరి నేల. ఎల్ కాంపో చుట్టుపక్కల మడులు ప్లాట్లయి, వాటిలో ఇళ్లు లేచినా నీ చెక్కులు ఆగలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అమ్మను మించావు. 2000 నుంచి 2006 దాకా సేద్యమే చేయనివారికి చేరిన మొత్తం 130 కోట్ల డాలర్లకు తక్కువ కాదని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్కగట్టింది. కౌలుదార్ల మీద నీ జాలి మరీ గొప్పది. పొలం పడావు పెట్టినా డబ్బు వస్తుందని తెలిసిన భూస్వాములు కొందరు వాళ్లను పొమ్మన్నారు. తరాలుగా బురదలో వంగిన నడుములకు అలా విశ్రాంతి దొరికింది.

పోయినవారినీ నువ్వు మరవలేదు. 1999 నుంచి 2005 దాకా 1,72,801 మంది మృతుల పేరిట 110 కోట్ల డాలర్లు చెల్లించావని మీ పార్లమెంటు తరఫు ఆడిట్ సంస్థే 2007లో చెప్పింది. అందులో నూటికి 40 వంతులు, కన్నుమూసి మూడేళ్లు దాటినవారి పేర వెళ్లాయి. కన్న కొడుకులు ఏడాదికొక తద్దినం పెట్టి ఊరుకుంటారు. నీ భక్తి ముందు అదెంత!

నీ మీద వ్యాజ్యం వేసినవాడినీ ఆదుకున్నావు. నీ పత్తి రాయితీలు ప్రపంచ ధరను అణిచాయని ప్రపంచ వాణిజ్య సంస్థ బ్రెజిల్ పక్షాన తీర్పిస్తే, రాయితీలు వదులుకోవడం కన్నా బ్రెజిల్ పత్తి నిధికి ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికే 2010లో ఒప్పుకున్నావు. 2014లో మరో 30 కోట్లతో తగవు తీర్చుకున్నావు. అణిగిన ఆ ధరల కాలంలోనే పత్తి అమ్ముకున్న ఆదిలాబాద్, గుంటూరు రైతులు జెనీవాలోని ఆ సంస్థ దాకా వచ్చి నీ మీద ఫిర్యాదు చేయలేకపోయారు. నీ దయకు నోచుకోకపోవడం వాళ్ల తప్పే.

న్యాయం చెప్పడంలోనూ నీకు సాటి లేరు. వరికి, గోధుమకు ఇండియా హద్దు మీరి మద్దతు ధర ఇస్తోందని 2018 మేలో అదే సంస్థ ముందు చెప్పింది మీ సర్కారే. ఆ ధర మా మండపేట రైతుకైనా, మిర్యాలగూడ రైతుకైనా, ధాన్యం పండించి, కల్లంలో ఆరబోసి, తేమ చూపించి, కాటా వేయిస్తేనే చేతికొస్తుంది. ఆ ఏడాది డిసెంబరులోనే మీ కొత్త వ్యవసాయ చట్టం, రాయితీ పొందే కుటుంబంలోకి పెదనాన్న, పిన్ని పిల్లలను, మేనల్లుళ్లను, మేనకోడళ్లను, అన్నదమ్ముల బిడ్డలను కలుపుకుంది. వాళ్లలో సేద్యం నడపడంలో పాలుందని చూపించుకున్న ప్రతి ఒక్కరికీ విడిగా ఏడాదికి 1,25,000 డాలర్ల దాకా అందుకునే వీలు కలిగింది. అదీ చాలదనుకున్నారు కాబోలు, 2025లో ఆ పరిమితిని 1,55,000 చేశారు.