శెనక్కాయ కోతల్లో వినకూడని సలహాలు

గాండ్లపెంట పల్లెల్లో శెనక్కాయ పెరికి కాయలు విడిపించే రోజుల్లో దుమ్ముకు తుమ్ములు పట్టుకుంటాయి. ముక్కు కారుతుంది, కండ్లు దురదపెడతాయి. పక్కింటివాళ్ళు ప్రేమతోనే సలహాలిస్తారు. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

“జలుబు మాత్రతో పాటు జ్వరం మాత్ర కూడా వేసుకో, తొందరగా తగ్గుతుంది.”

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. చాలా జలుబు మాత్రల్లో అలర్జీని అణిచే క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకని ఫినైలెఫ్రిన్, వాటితో పాటు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ముందే కలిపి ఉంటాయి. జ్వరం మాత్రా పారాసెటమాలే. దానిపైన 650 మిల్లీగ్రాముల ఆ మాత్ర వేస్తే పూటకు 1150. మూడు పూటలకు 3450. పెద్దలకు రోజు మొత్తానికి హద్దు 4000. తాగుడు అలవాటున్నవాళ్ళకు, బక్కపలచని మనుషులకు ఇంకా తక్కువ. మధ్యలో ఒళ్ళునొప్పులకని ఇంకో పారాసెటమాల్ మాత్ర పడిందంటే కాలేయానికి ముప్పే. మెడికల్ షాపులో “దీంట్లో పారాసెటమాల్ ఉందా అన్నా?” అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

“మాత్ర వేసుకొని బండి మీద కదిరికి పోయిరా, ఏం కాదు.”

క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది, బండి తోలొద్దు. మద్యం తాగితే ఆ మత్తు ఇంకా పెరుగుతుంది. ఈ మాత్రతో ప్రోస్టేట్ వాపున్న పెద్దాయనకు మూత్రం ఆగిపోవచ్చు. ఫినైలెఫ్రిన్ బీపీ పెంచవచ్చు. పైగా అది మింగితే దిబ్బడ తగ్గదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం తేల్చింది.

“పెద్దోళ్ళ మందే కొంచెం బిడ్డకూ పట్టు.”

వద్దమ్మా! క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిబిడ్డల ప్రాణాలు తీసిన కోల్డ్రిఫ్ సిరప్ కూడా ఇలాంటి కలయికే. అక్కడ చంపింది ఈ మందులు కాదు, సిరప్‌లో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం. పరీక్షలో అది 48.6 శాతం తేలింది. సాధారణ జలుబు దానంతటదే తగ్గుతుంది, అసలు సిరప్ అవసరమే తక్కువ.

“పోయినేడు రాసిచ్చిన చీటీతోనే తెచ్చుకో.”

ఆ చీటీలో ఉన్నది లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర కావచ్చు. అది అలర్జీ జలుబుకు పనికొచ్చేదే. కానీ మాంటెలుకాస్ట్‌తో కొందరికి పీడకలలు, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చని 2020లో ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి. మనిషి తీరు మారితే వెంటనే డాక్టరుకు చెప్పండి.

కాయలు విడిపించేటప్పుడు ముక్కుకూ నోటికీ తువ్వాలు బిగించి కట్టుకోండి. పిల్లికూతలు వచ్చి ఊపిరాడకపోతే మాత్రల కోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి.