తేనెపిట్టకు టిఫిన్ ఎందుకు?

కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విరుదునగర్ నూనె పరోటాకు గుర్తింపు అక్కర్లేదు, వాసనే వీధి చివరిదాకా వచ్చి పిలుస్తుంది. గడప తొక్కినవాణ్ణి ఖాళీ కడుపుతో పంపని ఈ తమిళ కరిసల్ (నల్లరేగడి) సీమలో ఆ మర్యాద ఇప్పుడు పిట్టల దాకా పాకుతోంది. అమెరికాలో ఉన్న పిల్లలు పెరట్లో ఎర్ర సీసా వేలాడదీసి, గాల్లో నిలబడి చక్కెర నీళ్ళు తాగే హమ్మింగ్‌బర్డ్ వీడియో పంపుతారు. చూసిన అరుప్పుకోట్టై అమ్మానాయనలకు మన తేనెపిట్టకూ ఒక సీసా కడదామని బుద్ధి పుడుతుంది. కట్టవద్దనే నా వాదన, అదీ పిసినారితనంతో కాదు.

పొడుగు ముక్కు, మెరిసే ఈకలు చూసి ఈ రెంటికీ చుట్టరికం కలుపుతాం గానీ, అవి వేరు వేరు వంశాలు. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేదు. ఎర్రగొంతు రకం సెకనుకు సుమారు 50 సార్లు రెక్కలాడిస్తుంది. ఆ ఖర్చుకు ఎంత తీపి తాగినా చాలదు. మనది మరీ అవసరమైతే తప్ప గాల్లో ఆగదు, దర్జాగా కొమ్మ మీద కూర్చుని తాగుతుంది. అదీగాక ఆ ఎర్రగొంతు పిట్ట చలికాలానికి మెక్సికో వైపు వెళ్ళిపోతుంది కాబట్టి అక్కడివాళ్ళకు సీసా ఒక హాజరు పట్టీ: ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్ళింది. మన ఊదా తేనెపిట్ట ఎక్కడికి పోతుంది? దాని ఋతువులు ఒంటి మీదే ఉంటాయి. గూళ్ళ కాలంలో మగది నల్లగా, ఊదాగా నిగనిగలాడుతుంది. అది ముగిశాక అద్దెకు తెచ్చిన పెళ్ళి కోటు తిరిగిచ్చేసినట్టు ఆడపిట్ట రంగుకు దిగి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల చార మాత్రం ఉంచుకుంటుంది.

ఎండాకాలంలో పాపం దానికి తేనె ఎక్కడిదంటారా? న్యాయమైన ప్రశ్నే. ఊరి చుట్టూ మల్లెతోటలున్నా మొగ్గ విచ్చకముందే కోసి జడలకు పంపేస్తాం, విచ్చినా అది రాత్రి పురుగుల కోసం పూసే పువ్వు. కానీ మునగ ఉంది, అరటిపువ్వు ఉంది, మందారం ఉంది, చెట్టుకొమ్మ నెత్తిన అద్దె కట్టకుండా బతికే బదనిక ఉంది. అమెరికా సరుకే కావాలంటే హమీలియా మొక్క నాటండి. సొంత ఊళ్ళో హమ్మింగ్‌బర్డ్‌కు పోసే తేనెనే ఇక్కడ తేనెపిట్టకూ పోస్తుంది, కడిగే పని లేదు. సీసాకైతే ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి, అగ్నినక్షత్రపు ఎండల్లో రోజూ కడగాలి. ఒక్కరోజు మరిచారా, చీమలు తిన్నంత తిన్నాక మిగిలింది పులుస్తుంది. 1987 నుంచి కల్లు నిషేధం ఉన్న రాష్ట్రంలో పిట్టల కోసం పెరట్లో దుకాణం తెరవడమే అవుతుంది. పైగా తన పిల్లలకు తేనెపిట్ట పెట్టేది పురుగులూ సాలీళ్ళూ. గూడు అతికించేది సాలెగూటి దారంతో. సీసా కట్టిన చేత్తోనే బూజు దులిపి, మందారానికి పురుగుమందు కొట్టేవారి అతిథి మర్యాద నాకు అర్థం కాదు.

మరి వీడియో ఎలా అంటారా? గూళ్ళ కాలంలో బండి ఆపి చూడండి. బండి అద్దంలో కనబడ్డ తన బొమ్మను మగపిట్ట పరాయి మగాడనుకుని గంటల తరబడి ముక్కుతో పొడుస్తుంది. రెండు నిమిషాలు వీడియో తీసుకుని, అద్దానికి గుడ్డ కప్పండి. దానికి మనవల్ల జరగాల్సిన సాయం అదే.